కప్తాను పాల్ కఫీ

అమెరికా సంయుక్త రాష్ట్రముల చరిత్రమును పాఠశాలలలో చదువునపుడు వాషింగ్‌టను, ఫ్రాంక్లిను, జెఫర్‌సను మున్నగు వారి పేర్లను మనము పలుమాఱు వినుచుందుము. పన్ను తీసికొను ప్రభుత్వమునందు పన్ను నిచ్చువానికి ప్రాతినిధ్యము ఉండవలెనని ఆ దేశస్థులు ఇంగ్లండుతో చేసిన వాదము లోకప్రసిద్ధమైనది. అయితే ఆ వాదమునే యథాతథముగా గ్రహించి, ఆ దేశస్థుల యెదుటనే పెట్టి, మా సంగతి యేమని యడిగిన యిరువదియొక్క యేండ్ల యువకుఁడొకఁడు ఆ కాలముననే యుండెను. అతఁడు న్యాయవాది కాఁడు. పాఠశాలకు పోయినవాఁడును కాఁడు. తిమింగిలములను వేఁటాడు ఓడలలో పనిచేసిన నావికుఁడు. అతని పేరు పాల్ కఫీ. అతఁడు తరువాత ఆఱు ఓడలకు స్వామియై, తన ఓడను తానే నడపుకొనుచు అట్లాంటికు మహాసముద్రమును పలుమాఱు దాఁటెను. ఆ చరిత్రమును చదువరులకు తెలుపుటకే ఈ వ్యాసము.

మాసచూసెట్సు రాష్ట్రమునకు దక్షిణమున బజర్డ్సు అఖాతము కలదు. ఆ అఖాతపు ముఖమున వరుసగా నున్న చిన్న దీవులలో కట్టీహంకు అనునది చిట్టచివరిది. అందు 1759వ సంవత్సరము జనవరి 17వ తేదీన పాల్ జన్మించెను. అతని తండ్రి ఆఫ్రికాఖండపు పశ్చిమభాగమున పుట్టినవాఁడు. అక్కడి అకాన్ జాతివారిలో బిడ్డ పుట్టిన వారమును బట్టి పేరు పెట్టు ఆచారము గలదు. శుక్రవారము పుట్టిన మగబిడ్డకు కోఫీ యని పేరు. ఆ కోఫీ బాల్యముననే బానిసగా అమ్మఁబడి, అమెరికాకు తేఁబడి, స్లోకము అను ఇంటిపేరు గల కుటుంబమువారి చేతిలో పడెను. తెల్లవారి నోట కోఫీ అను పేరు కఫీ యయ్యెను. యజమానుల యింటిపేరు దానికి తగిలించి అతనిని కఫీ స్లోకము అని పిలిచిరి. కొన్ని యేండ్లకు అతఁడు స్వేచ్ఛను పొంది, వాంపనోగు అను ఆదిమజాతికి చెందిన రూతు మోజెసు అను స్త్రీని పెండ్లియాడెను. వారికి పదిమంది బిడ్డలు. పాల్ ఏడవవాఁడు. ఒకప్పుడు తానే ధరకు అమ్ముడుపోయిన ఆ మనుష్యుఁడు 1766లో డార్ట్‌మతు గ్రామప్రాంతమున 650 స్పానిషు వెండి డాలర్లు చెల్లించి 116 ఎకరముల భూమిని కొనెను. ఆ సొమ్మును అతఁడెట్లు కూడఁబెట్టెనో ఊహించుకొన్నచో ఆ కుటుంబమువారి స్వభావము కొంత బోధపడును.

1772లో తండ్రి మరణించెను. అప్పటికి పాల్ పదుమూఁడేండ్ల బాలుఁడు. ఆ భూమి రాతినేల, పండునది స్వల్పము. సముద్రమో, ఇంటి ముంగిటనే యుండెను. ఆ తీరమున నాఁటి ప్రధానమైన వృత్తి తిమింగిలముల వేఁట. భూమినుండి తీయు కిరసనాయిలు అప్పటికి వాడుకలో లేదు. ఇండ్లలోను వీథులలోను వెలుఁగు దీపములకు తిమింగిలపు కొవ్వునుండి కాఁచిన నూనెయే ఆధారము. ఒక జాతి తిమింగిలపు తలలో దొరకు మైనము వంటి పదార్థముతో మేలైన వత్తులను చేయుచుండిరి. ఈ వేఁటకు పోయినవాఁడు నెలలకొలఁది సముద్రముమీఁదనే యుండవలెను. ఓడనుండి చిన్న పడవలలోనికి దిగి, ఆ మహాజంతువు ప్రక్కకు చేరి, త్రాడు కట్టిన ఈటెను విసరవలెను. దెబ్బతిన్న తిమింగిలము పడవను ఈడ్చుకొని పోవును. ఒక్కొక్కమాఱు తోఁకతో కొట్టి ముక్కలు చేయును. ఇంత అపాయకరమైన పని యగుటచేతనే కాఁబోలు, అందు చేరువాని చర్మపు రంగును గుఱించి విచారించువారు తక్కువ. నేలమీఁద దొరకని సమానమైన కూలి నల్లవానికి అక్కడ కొంతవఱకు దొరకుచుండెను. పాల్ పదునాఱేండ్ల ప్రాయమునకే నావికుఁడయ్యెను. 1776లో, స్వాతంత్ర్యయుద్ధము సాగుచుండఁగా, అతఁడు పనిచేయుచున్న ఓడను బ్రిటిషువారు పట్టుకొని, అతనిని న్యూయార్కులో సుమారు మూఁడు నెలలు చెఱలో నుంచిరి.

అతఁడు చదువు నేర్చుకొనిన విధము గమనింపఁదగినది. పాఠశాల లేదు, ఉపాధ్యాయుఁడు లేఁడు. అక్షరములను యౌవనములో తన ప్రయత్నముచేతనే నేర్చెను. అటుపిమ్మట నావికాశాస్త్రమునకు పూనుకొనెను. ఒడ్డు కనుపించనిచోట ఓడ ఎక్కడ నున్నదో చెప్పుట సామాన్యమైన పని కాదు. మధ్యాహ్నమున సూర్యుఁడు ఆకాశములో మిక్కిలి యెత్తునకు వచ్చినపుడు, ఆ యెత్తును కోణమానయంత్రముతో కొలిచి, ఆ తేదీకి పంచాంగములో నిచ్చిన సంఖ్యతో లెక్క కట్టినచో ఓడ భూమధ్యరేఖకు ఎంత ఉత్తరముననో దక్షిణముననో యున్నదో తెలియును. ఇది అక్షాంశము. తూర్పుపడమరల దూరము, అనఁగా రేఖాంశము, ఇంకను కష్టము. దానికి తప్పు లేక నడచు గడియారము కావలెను. అట్టి గడియారములు ఆ కాలమున చిన్న ఓడలవారు కొనఁగలిగినవి కావు. కాఁబట్టి ముడులు వేసిన త్రాటికి ఒక చెక్కను కట్టి నీటిలో విడిచి, ఇసుక గడియారము ఖాళీయగు లోపల ఎన్ని ముడులు చేతిలోనుండి జాఱిపోయినవో లెక్కించి ఓడ వేగమును తెలిసికొనుచుండిరి. ఆ వేగమును, దిక్సూచి చూపు దిక్కును, గడచిన కాలమును చేర్చి పటముమీఁద గీఁత గీయుచుండిరి. ఒడ్డు సమీపించుచున్నదని తోఁచినపుడు సీసపుగుండును త్రాటితో దింపి లోఁతు చూచుచుండిరి. ఆ గుండు అడుగున కొవ్వు పూయుదురు. దానికి అంటుకొని వచ్చిన ఇసుకనో బురదనో గవ్వలనో చూచి, ఇది ఫలానా తీరమని అనుభవముగల కప్తాను చెప్పఁగలఁడు. లెక్కలలో ఒక్క తప్పు దొరలినచో ఓడ బండలపాలగును. మన బాలురు త్రికోణమితిని చూచి విసుగుకొనునపుడు, కూలివానిగా ఓడనెక్కి, తీఱిక వేళలందు దానినే నేర్చుకొనిన ఈ కుఱ్ఱవానిని తలఁచుకొనవచ్చును.

1778 ప్రాంతమున పాల్ ఒక చిన్న పని చేసెను. దానిని నేను చిన్నదని తలఁపను. స్లోకము అను యజమానుల యింటిపేరు మన కెందులకని తన తోఁబుట్టువులతో వాదించి, తండ్రి స్వంతపేరైన కఫీనే ఇంటిపేరుగా పెట్టుకొనునట్లు వారిలో పెక్కుమందిని ఒప్పించెను. ఆఫ్రికాలో ఒక శుక్రవారమున తల్లిదండ్రులు పెట్టిన పేరు ఆ విధముగా ఒక వంశమునకు నిలిచెను.

యుద్ధకాలమున బ్రిటిషు నౌకలు ఆ తీరమంతయు దిగ్బంధము చేసెను. సముద్రమధ్యమున నున్న నాంటకెట్టు దీవివారికి ధాన్యము మొదలగునవి అందక కటకటపడిరి. పాల్ తన అన్న డేవిడుతో కలిసి పైకప్పు లేని చిన్న పడవ నొకదానిని కట్టి, రాత్రివేళ సరకు వేసికొని నాంటకెట్టునకు పోవ బయలుదేఱెను. సముద్రమును చూచి అన్న వెనుకకు తగ్గెను. పాల్ ఒంటరిగా పోయెను. దోపిడికాండ్రు సరకును దోఁచుకొనిరి. మరల పోయెను, పడవ బండకు తగిలి పగిలెను. దానిని బాగుచేసికొని మరల పోయి, ఈ మాఱు దీవిని చేరి సరకు నమ్మెను. తిరిగి వచ్చునపుడు దొంగలు మరల పైఁబడి, సొమ్మును లాగుకొని, అతనిని కొట్టిరి. అయినను ఆ వ్యాపారమును అతఁడు విడువలేదు. కొంతకాలమునకు లాభము కనుపించెను.

ఇంతలో పన్నుల తగవు వచ్చెను. తండ్రి విడిచిన భూమికి పాలును, అతని అన్న జానును పన్ను కట్టవలెనని గ్రామాధికారులు కోరిరి. ఆ రాష్ట్రమున నల్లవారికిని, ఆదిమజాతులవారికిని వోటుహక్కు లేదు. 1778లో తయారై ప్రజలచే త్రోసివేయఁబడిన మొదటి రాజ్యాంగపు ముసాయిదాలో ఈ జాతులవారికి వోటు లేదని స్పష్టముగానే వ్రాసియుండిరి. 1780 ఫిబ్రవరి 10వ తేదీన పాలును, జానును, డార్ట్‌మతునందలి మఱికొందఱు స్వతంత్రులైన నల్లవారును మాసచూసెట్సు శాసనసభకు ఒక మనవిని వ్రాసికొనిరి. దాని సారాంశ మిది: మేము దీర్ఘకాలము బానిసత్వములో నుండి, మా శ్రమఫలమును పొందనివారము, మాకు వారసత్వముగా వచ్చిన యాస్తులు లేవు, మమ్ము పాలించువారిని ఎన్నుకొనుటలో మాకు మాట లేదు, మాలో పలువురు దేశముకొఱకు యుద్ధరంగమునకు పోయిరి, అట్టి మాపై పన్ను వేయుట తగునా? బోస్టను రేవులో తేయాకు పెట్టెలను నీట పాఱవేసి అప్పటికి ఆఱేండ్లు గడచినవి. ఆ పని చేసినవారి వాదమునకును ఈ మనవికిని భేద మెక్కడ నున్నదో చూపఁగలవాఁడు ఆ సభలో ఒక్కఁడైనను ఉండియుండఁడు. అయినను మనవి త్రోసివేయఁబడెను.

సోదరులు పన్ను కట్టలేదు. 1780 డిసెంబరులో అధికారులు వారిని పట్టుకొని టాంటను చెఱసాలలో పెట్టిరి. వారు కొలఁది కాలములోనే విడుదలైరి. మఱుసటి సంవత్సరము వారు గ్రామసభను మరల అడిగిరి: మాకు వోటుహక్కు ఇచ్చెదరా, లేక పన్ను మాన్పెదరా? కడపట తగ్గించిన మొత్తమును చెల్లించి ఆ వ్యవహారమును ముగించుకొనిరి. 1780లో అమలునకు వచ్చిన రాజ్యాంగములో వోటుహక్కును జాతిని బట్టి నిషేధించు మాట లేకపోయెను. అది కఫీ సోదరుల మనవి ఫలితమేయని కొందఱు వ్రాసియున్నారు గాని, అంత దూరము పోవుట న్యాయము కాదు. ఆ ప్రశ్నను వ్రాతమూలముగా సభముందు పెట్టినవారిలో వీరు మొదటివారని మాత్రము చెప్పవచ్చును.

1783లో పాల్ వాంపనోగు జాతికే చెందిన ఆలిసు పెకిటు అను నామెను వివాహమాడెను. అతని అక్క మేరీ భర్తయైన మైకేలు వేనరు కూడ ఆ జాతివాఁడే, మంచి నావికుఁడు. బావమఱఁదులిద్దఱును కలిసి ఓడల వ్యాపారము సాగించిరి. మొదట 25 టన్నుల సన్‌ఫిషు. తరువాత 42 టన్నుల మేరీ. పిమ్మట 69 టన్నుల రేంజరు. 1800లో 162 టన్నుల హీరో. 1806లో 268 టన్నుల ఆల్ఫా. అటుపై 109 టన్నుల ట్రావెలరు. ఒక్కొక్క ఓడ సంపాదించిన లాభముతో తరువాతి ఓడ నిర్మింపఁబడెను. ఇవి వెస్టుపోర్టు నదియొడ్డున, పాల్ స్వంత రేవులోనే కట్టఁబడుచుండెను. వీనిలో పనిచేయువారు దాదాపుగా అందఱును నల్లవారో, ఆదిమజాతులవారో, బంధువులో. అతని మేనల్లుండ్రలో పలువురు ఆ ఓడలమీఁదనే పని నేర్చి కప్తానులైరి.

మేరీ అను ఓడతో చేసిన యొక వేఁటను గుఱించి చెప్పవలెను. బెల్ ఐల్ జలసంధికి పాల్ పది మందితో, రెండు పడవలతో పోయెను. అక్కడ అప్పటికే మఱి నాలుగు ఓడలు మంచి సాధనసామగ్రితో వచ్చియుండెను. అట్టిచోట్ల ఓడలన్నియు కలిసి వేఁటాడి, దొరకిన దానిని పంచుకొనుట ఆచారము. ఆ నాలుగు ఓడలవారు కఫీని తమతో చేర్చుకొనక త్రోసివేసిరి. అతఁడు ఒంటరిగానే పని ప్రారంభించెను. ఇతని వేఁట సాగుచుండుటను, తమ వేఁట చెడుచుండుటను చూచి వారే దిగివచ్చి కలియుదమనిరి. ఇతఁడు మాఱు మాటాడక ఒప్పుకొనెను. ఆ కాలములో అందఱికిని కలిసి దొరకినవి ఏడు తిమింగిలములు. వానిలో ఆఱింటిని పట్టినవారు కఫీ మనుష్యులు. రెండు స్వయముగా కఫీ చేతి యీటెకు చిక్కినవి. ఆ నూనెను ఎముకను అమ్మిన సొమ్ముతో ఫిలడెల్ఫియాలో ఇనుప సామాను కొని, రేంజరు నిర్మాణమునకు పూనుకొనెను.

1796లో రేంజరును తీసికొని అతఁడు మేరీలాండు రాష్ట్రమునందలి వియన్నా యను రేవునకు జొన్నలు కొనుటకై పోయెను. ఇచ్చట నేను జొన్నలని వ్రాసినది మొక్కజొన్నలను గూర్చి. మేరీలాండు బానిసత్వము గల రాష్ట్రము. పాఱిపోయిన బానిసయని ఎవని నైనను పట్టుకొని న్యాయాధికారి యొద్దకు ఈడ్చుకొని పోవుటకు వీలిచ్చు చట్టము 1793లోనే వచ్చియుండెను. అట్టిచోటికి ఒక ఓడ వచ్చెను, దాని స్వామి నల్లవాఁడు, కప్తాను నల్లవాఁడు, నావికులందఱును నల్లవారు. ఊరివారు నిర్ఘాంతపోయిరి. ఇతనిని చూచి తమ బానిసలు ఏమి తలఁపఁబోవుదురో యని వారికి భయము పట్టెను. ఓడ కాగితములను తిప్పి తిప్పి చూచిరి. వానిలో లోపమేమియు కనఁబడలేదు. కఫీ తన మనుష్యులను ఎవరితోను తగవునకు పోక, త్రాగక, మర్యాదగా మెలఁగవలెనని కట్టడి చేసి, తన వ్యాపారమును తాను చూచుకొనెను. కొలఁది దినములలోనే ఊరివారి వైఖరి మాఱెను, మర్యాదగా మాటాడసాగిరి. ఆ ప్రయాణములో అతనికి సుమారు వేయి డాలర్లు లాభము వచ్చెను. ఆ లాభమునకంటె, ఓడ దిగునపుడు అతని మనస్సులో నున్న ధైర్యము నాకు గొప్పదిగా తోఁచును. ఒక్క అధికారి మాటతో అతఁడును అతని బంధువులును బానిసల సంతకు పోవలసినవారే గదా.

1797 ప్రాంతమున పాల్ 3,500 డాలర్లకు నదియొడ్డున ఇల్లును పొలమును కొనెను. అతని కిప్పుడు బిడ్డలు కలరు. వారికి చదువు చెప్పింపవలెను. ఆ చుట్టుప్రక్కల పాఠశాల లేదు. అతఁడు ఇరుగుపొరుగువారిని పిలిచి, అందఱము కలిసి యొక పాఠశాలను పెట్టుకొందమనెను. సభలు జరిగెను. ఎక్కడ కట్టవలెను, ఎట్లు నడపవలెను అను విషయములలో ఒకరి మాట ఒకరికి సరిపడలేదు. మరల సభ, మరల అభిప్రాయభేదము. ఇట్టి సభలు మన గ్రామములవారికి కొత్తవి కావు. చివరకు అతఁడు ఎవరితోను వాదింపక, తన నేలలో తన సొమ్ముతో పాఠశాలను కట్టించి, ఎవరి బిడ్డలనైనను పంపవచ్చునని ప్రకటించెను. తెల్లవారి పిల్లలును, నల్లవారి పిల్లలును, ఆదిమజాతివారి పిల్లలును అందు కూర్చుండి చదివిరి. రంగుభేదము లేని పాఠశాలలు ఆ దేశమున ఆ కాలమున మిక్కిలి యరుదు. చలికాలములో ఓడలు కదలని దినములందు కఫీ తన యింటివారికిని ఆ ప్రాంతపు యువకులకును తానే నావికాశాస్త్రమును బోధించుచుండెను. తన కెవ్వరును చెప్పని పాఠమును తాను పదిమందికి చెప్పెను.

1808లో అతఁడు క్వేకరులను క్రైస్తవశాఖవారి సమాజమున చేరెను. వారు యుద్ధమును, బానిసత్వమును నిరసించువారు. ఆడంబరము లేని వేషభాషలు గలవారు. మత్తు పదార్థములను గాని, మనుష్యులను గాని సరకుగా తన ఓడలో నెక్కింపనని కఫీకి మొదటినుండియు నియమము. వెస్టుపోర్టులో ఆ సమాజమువారి ప్రార్థనామందిరమును 1813లో కొత్తగా కట్టినపుడు వ్యయములో పెద్దభాగమును ఇతఁడే భరించెను.

ఈ కాలముననే ఆఫ్రికా విషయము అతని మనస్సును ఆకర్షించెను. పశ్చిమాఫ్రికాలోని సియెరా లియోను తీరమున ఇంగ్లండువారు 1787లో విముక్తులైన నల్లవారికొఱకు ఒక వలస నేర్పఱచిరి. 1792లో కెనడాలోని నోవాస్కోషియా నుండి సుమారు 1,200 మంది వచ్చి ఫ్రీటౌను పట్టణమును స్థాపించిరి. 1807లో బ్రిటిషు పార్లమెంటు బానిసల వ్యాపారమును నిషేధించెను. 1808 నుండి అమెరికాయు బానిసల దిగుమతిని మాన్పెను. అయినను దొంగతనముగా ఆ వ్యాపారము సాగుచునే యుండెను. కఫీ ఆలోచన వర్తకుని యాలోచన. ఆఫ్రికాలో పంటలు పండించి, నూనె, దంతము, కలప మొదలగు వానిని ఎగుమతి చేయు న్యాయమైన వ్యాపారము వర్ధిల్లినచో, మనుష్యులను అమ్ముటవలన వచ్చు లాభమునకు ఆశపడువారు తగ్గుదురని అతని నమ్మకము. అమెరికానుండి పనితనము నేర్చిన కొన్ని కుటుంబములను తీసికొనిపోయి అక్కడ నిలుపవలెననియు, ప్రతి సంవత్సరము ఒక ఓడను నడపవలెననియు అతఁడు సంకల్పించెను.

1811 సంవత్సరారంభమున, తొమ్మిదిమంది నల్లనావికులతో, ట్రావెలరు ఓడలో అతఁడు బయలుదేఱెను. నడిసముద్రమున తుపాను పట్టి ఓడ ప్రక్కకు ఒరగెను. ఒక నావికుఁడు అలలతో కొట్టుకొనిపోయి, తెగి వ్రేలాడుచున్న త్రాళ్లను పట్టుకొని మరల ఓడ నెక్కి బ్రదికెను. మార్చి 1వ తేదీన ఫ్రీటౌను చేరిరి. తన తండ్రిని ఏ ఖండమునుండి కొనిపోయిరో ఆ ఖండపు నేలమీఁద ఏఁబదిరెండేండ్ల ప్రాయమున కఫీ కాలు పెట్టెను. అక్కడి వలసవారు కష్టపడి పండించిన సరకును బ్రిటిషు వర్తకులు కారుచౌకగా కొనుచుండుటను అతఁడు గమనించెను. వలసవారు తమలో తాము సంఘముగా నేర్పడి నేరుగా లండనులోని మిత్రులకు సరకు పంపునట్లు ప్రోత్సహించెను. ఈ సంఘమునకు ఫ్రెండ్లీ సొసైటీ యని పేరు.

అటనుండి ఆ సంవత్సరము జూలైలో లివర్‌పూలు రేవునకు పోయెను. కొలఁది యేండ్లకు పూర్వము వఱకు బానిసల ఓడలకు ప్రధానస్థానమైన ఆ రేవున, నల్లవారే నడపు ఓడను చూచుటకు జనులు గుంపులుగా వచ్చిరి. వచ్చినంతనే యొక యిబ్బంది కలిగెను. యుద్ధనౌకలకు బలవంతముగా మనుష్యులను పట్టుకొనిపోవు బంట్లు కఫీ ఓడలోని ఆఫ్రికా యువకు నొకనిని పట్టుకొనిపోయిరి. కఫీ తక్షణమే లండనునకు ప్రయాణమై, క్వేకరు మతస్థుఁడును రసాయనశాస్త్రజ్ఞుఁడును అగు విలియము ఆలెనును, బానిసవ్యాపార నిర్మూలనమునకై ఆజన్మము శ్రమించిన తామసు క్లార్క్‌సనును కలిసికొని, వారి సహాయముతో ఆ యువకుని విడిపించెను. సియెరా లియోను వ్యాపారమును గుఱించియు ఆ పెద్దలతో మాటాడెను. తరువాత మరల ఆఫ్రికాకు పోయి, అటనుండి ఇంటిముఖము పట్టెను.

1812 ఏప్రిలులో స్వదేశపు తీరమును చేరఁగానే సుంకపుటధికారులు ట్రావెలరును సరకుతో కూడ స్వాధీనము చేసికొనిరి. బ్రిటిషు రాజ్యమునుండి సరకు తెచ్చుట అప్పటికి నిషిద్ధము. సియెరా లియోను బ్రిటిషువారిది. ఆ నిషేధము అమలునకు వచ్చినపుడు కఫీ ఆఫ్రికా త్రోవలో సముద్రముపై నుండెను. అతఁడు కలఁతపడక, తన్నెఱిఁగిన పెద్దల లేఖలను గైకొని రాజధానికి పోయెను. మే 2వ తేదీన అధ్యక్షుఁడు జేమ్సు మాడిసను అతనిని స్వయముగా చూచి, సంగతి విని, ఓడను సరకును విడువవలసినదని యాజ్ఞ యిచ్చెను. ఒక నల్లవానికి అధ్యక్షుని భవనమున ఇట్టి దర్శనము లభించుట ఆ దినములలో కనివిని యెఱుఁగని సంగతి.

కాని తిరుగుప్రయాణమును గుఱించి అతఁడు తన దినచర్యలో వ్రాసికొనిన విషయమును కూడ చెప్పవలెను. బాల్టిమోరునకు పోవు గుఱ్ఱపుబండిలో అతఁడు ముందుగా వచ్చి కూర్చుండియుండఁగా ఒక ప్రయాణికుఁడు వచ్చి, ఆ చోటు వదలి పొమ్మని గద్దించెను. కఫీ కదలలేదు, అందఱికిని చోటున్నదని నెమ్మదిగా సమాధానము చెప్పెను. బాల్టిమోరులోని భోజనశాలవారు, పనివాండ్రతో కలిసి తినినచో తప్ప అన్నము పెట్టమనిరి. అతఁడు అక్కడ తినక వేఱుచోటు వెదకికొనెను. దేశాధ్యక్షుఁడు గౌరవించినవానికి పూటకూటియింటి బల్లయొద్ద చోటు దొరకలేదు. ఈ రెండును ఒక్క వారములోని సంగతులు.

ఆ జూనులోనే ఇంగ్లండునకును అమెరికాకును యుద్ధము మొదలయ్యెను. వ్యాపారము నిలిచిపోయెను. యుద్ధకాలముననైనను తన ఓడను ఆఫ్రికాకు పోనిండని కఫీ కాంగ్రెసును వేఁడుకొనెను. 1814లో ఎగువసభ అంగీకరించెను. దిగువసభలో 65 మంది అనుకూలముగాను 72 మంది ప్రతికూలముగాను వోటు చేయఁగా ఆ బిల్లు వీఁగిపోయెను. ఏడు వోట్లలో అతని మూఁడేండ్ల యెదురుచూపు గాలికి పోయెను.

సంధి కుదిరిన పిమ్మట, 1815 డిసెంబరు 10వ తేదీన 38 మందిని ఎక్కించుకొని ట్రావెలరు బయలుదేఱెను. వారిలో 18 మంది పెద్దలు, 20 మంది పిల్లలు. నాగలి, బండి, మేకులు, అద్దములు, ఱంపపు యంత్రమునకు కావలసిన ఇనుము మున్నగునవి ఓడలో నుండెను. గాలివానలకు ఓర్చి 1816 ఫిబ్రవరి 3న ఫ్రీటౌను చేరిరి. ప్రయాణికులలో పెక్కుమంది కూలి ఇచ్చుకొనలేనివారు. లండనులోని మిత్రులనుండి రావలసిన యనుమతిపత్రములు రాలేదు. రేవు సుంకములు ఎక్కువ. సరకు నష్టమునకు పోయెను. సుమారు 4,000 డాలర్లు కఫీ చేతినుండి ఖర్చయ్యెను. ప్రతి సంవత్సరము ఒక ఓడ యను సంకల్పము ఆ యొక్క ప్రయాణముతో నిలిచిపోయెను.

ఇంతకంటె కఠినమైన చిక్కు తరువాత వచ్చెను. 1816 డిసెంబరులో వాషింగ్‌టను నగరమున కొందఱు ప్రముఖులు అమెరికను కాలనైజేషను సొసైటీ యను సంఘమును స్థాపించిరి. స్వతంత్రులైన నల్లవారిని ఆఫ్రికాకు పంపుట వారి ఉద్దేశము. అందు దయగలవారును ఉండిరి. కాని బానిసలను కలిగియున్న భూస్వాములును ఉండిరి. స్వతంత్రుఁడైన నల్లవాఁడు కన్నులయెదుట తిరుగుచుండుట తమ బానిసలకు చెడ్డ పాఠమని వీరి భయము. ఆఫ్రికా ప్రయాణపు అనుభవము గలవాఁడగుటచేత ఆ సంఘస్థాపకులు కఫీని సలహా యడిగిరి. అతఁడు తనకు తెలిసినది చెప్పెను. 1817 జనవరిలో ఫిలడెల్ఫియా నగరమున బెతెలు దేవాలయములో సుమారు 3,000 మంది నల్లవారు కూడిరి. ఆఫ్రికాకు పోవుట ఎవరి కిష్టమని యడుగఁగా ఒక్కఁడును సమ్మతింపలేదు. మేము ఈ నేలను సాగుచేసినవారము, ఈ దేశముకొఱకు పోరాడినవారము, సంకెళ్లలో నున్న మావారిని విడిచి పోము అని వారి భావము. ఆ సభను నడపినవాఁడు కఫీ మిత్రుఁడును, తెరచాపల వ్యాపారముచే ధనవంతుఁడైన నల్లవాఁడును అగు జేమ్సు ఫోర్టెను. అతఁడే ఆ సంగతిని కఫీకి లేఖ వ్రాసి తెలిపెను.

ఈ విషయములో కఫీని కొందఱు తప్పుపట్టుదురు. నా యభిప్రాయమున అతని సంకల్పమునకును ఆ సంఘమువారి సంకల్పమునకును పేరొక్కటియే గాని పదార్థము వేఱు. అతఁడు పోఁగోరినవానిని తీసికొనిపోయెను. వారు ఉండఁగోరినవానిని పంపఁజూచిరి. అతని దృష్టి ఆఫ్రికా తీరమున బానిసల వ్యాపారమును చంపుటయందు. వారిలో పెక్కుమంది దృష్టి అమెరికాలో బానిసత్వమును భద్రపఱచుటయందు. అయితే ఎదుటివారి మనస్సులో నున్న దురుద్దేశమును అతఁడు వెంటనే గుర్తింపలేదనుట సత్యమే. ఫిలడెల్ఫియాలోని సామాన్యజనము ఆ విషయమును అతనికంటె త్వరగా గ్రహించిరి. ఆ సంఘమువారు 1820 తరువాత నెలకొల్పిన వలసయే 1847లో స్వతంత్రమైన లైబీరియా దేశము.

ఈ వాదము తేలుటను చూచుటకు కఫీ బ్రదికియుండలేదు. 1817 ఆరంభముననే జబ్బుపడి, సెప్టెంబరు 7వ తేదీన, ఏఁబదియెనిమిదేండ్ల ప్రాయమున వెస్టుపోర్టులోని తన యింట మరణించెను. అప్పటికి అతని యాస్తి విలువ సుమారు 20,000 డాలర్లు. తాను కట్టించుటకు తోడ్పడిన ప్రార్థనామందిరపు శ్మశానములో అతనిని పూడ్చిరి. క్వేకరుల ఆచారము ననుసరించి ఆడంబరమైన గుర్తేదియు పెట్టలేదు; 1913లో అతని మునిమనుమఁడు ఆ మందిరము ముందు ఒక స్మారకశిలను నిలిపెను.

అతని లేఖలును, దినచర్య పుస్తకములును ఆ ప్రాంతమునకు సమీపమున నున్న న్యూ బెడ్‌ఫర్డు గ్రంథాలయములో భద్రపఱుపఁబడినవి. వానిలో వర్ణక్రమము సరిగా నుండదు. మాట చెవికెట్లు వినఁబడునో అట్లే వ్రాసెను. ఒకే మాటను ఒకే పుటలో రెండు విధములుగా వ్రాయుటయు కలదు. గాలి దిక్కు, ఓడ నడచిన దూరము, మధ్యాహ్నపు అక్షాంశము మాత్రము ఏ దినమున కా దినము అంకెలలో తప్పక వేసియుంచెను.